సందు

దర్వాజలు చేసిన, నాగండ్లు చెక్కిన,
పెండ్లి పీటలకు కాళ్లు పెట్టిన.
తుపాకిని ఒళ్లె పెట్టుకునుడు
యాభై ఆరేండ్లల్ల ఇదే మొదలు.

మట్టెవాడల నా దుకాణం ముందట స్కూటరు ఆపి
యాకూబ్ పాషా, బెటాలియన్ల ఆర్మరర్ చేసి దిగిపోయినాయన,
దుప్పట్ల చుట్టిన దాన్ని
పసిపోరన్ని అందించినట్టు అందించిండు.
"ఆచారీ, ఇనుము మంచిదే.
కట్టెనే దాన్ని కూసోనిస్తలేదు."

ఎనుక పరకాల పిల్ల, సుప్రజ.
క్లబ్బు రైఫిలు, కాయిదాలు ఆమె సంచిల.
ఇంకో కాయిదం తీసి బల్ల మీద పరిచింది:
అయిదు బొక్కలు, మొదటి చినుకులు పడ్డట్టు
తలో దిక్కు.
"నేను కదల్లే పెద్దనాయినా," అన్నది. గంతే.

పాషా ఎనుక మర వదులు చేసుకుంట
"వేలు పెట్టు," అన్నడు,
గొట్టం కట్టె కలిసే కాడ.
పెట్టిన.
మర తిరిగినకొద్దీ ఇనుము లేసింది
చీమ వీపు లేపినంత.
కండ్లకు ఆనది. వేలికి ఆనింది.
వానకాలం ఉబ్బిన దర్వాజను
గిట్లనే తడిమి చూస్త నేను.

దీపం మసిల కొబ్బరినూనె కలిపి
ఇనుముకు పూసి కట్టెల ఒత్తినం.
ఎత్తి చూస్తే నలుపు మూడే చోట్ల.
మిగతాదంతా గాలి మీద కూసున్నది
ఇన్నేండ్లు!

ఉలి పట్టి గోరంత తీసిన.
రెండు ట్యూబుల మందు, ఇనుప రజను కలిపి
పాషా మక్కు చేసిండు,
అంటుకోవద్దని ఇనుముకు బూటు పాలిషు రుద్దిండు,
దించి మరలు బిగించిండు.
"షట్టరు మెల్లగ దించు," అన్నడు,
లోపల ఎవరో పండుకున్నట్టు.

తెల్లారి అది రాలే.
గుంజితే రాలే, కొడతితోని తడితే రాలే.
ముందటి మూలకు పాలిషు అందలే.
మోతిబిందు కన్ను తుడుచుకుంట
పాషా స్టూలు మీద కూసున్నడు.
ఏం మాట్లాడలే.
నేనూ మాట్లాడలే, రందాకు పదును పెట్టుకుంట కూసున్న.

పిల్ల ఎటు పోయిందో.
అరగంటకు ఆటోల దిగింది,
చేపల యాకమ్మ థర్మాకోల్ డబ్బ నిండ ఐసు.
ప్లాస్టిక్ కవర్ల చుట్టి ఐసుల పూడ్చినం
తుపాకిని, కొర్రమట్టను పూడ్చినట్టు.
రెండు చాయలు తాగేదాక ఆగి
కొడతితోని ఒక్కటి తట్టిన.
టక్.

కట్టె లోపల ఇనుము అచ్చు,
తడి మట్టిల ఎద్దు గిట్ట దిగినట్టు.
పాషా అప్పుడు నవ్విండు:
"నా సర్వీసుల ఎన్నిటిని కూసోబెట్టిన్నో,
చేపల వాసనొచ్చేది ఇదొక్కటే."

ఇగ గొట్టం కింద పని.
పదిరూపాల నోటు దూర్చి
ఈ కొస నుంచి ఆ కొసకు గుంజాలె,
యాడా తట్టొద్దు.
ఎనుక గట్టిగ పట్టాలె, ముందట ముట్టనే వద్దు.
సందు లేకుండ అతికేటోడే వడ్లోడని
మా నాయిన చెవి మెలేసి నేర్పిండు.
సందు చెక్కుమని అడిగినోడు
ఈయనొక్కడే.
చెక్కిన. చెయ్యి ఒప్పుకోలే, అయినా చెక్కిన.

ఐతారం సుప్రజ కాయిదం పట్టుకొచ్చింది.
నాలుగు గుండ్లు ఒక్కతాన, మక్కగింజంత చిరుగు.
ఒకటి ఎడమకు, ఒంటరిగ.
నా పానం జారింది.
కట్టెను వేలుతోని తడుముతుంటే
"అది కట్టెది కాదు పెద్దనాయినా.
మీట నొక్కేటప్పుడు ఏదో యాదికొచ్చింది.
అది నాది," అన్నది.
ఏం యాదికొచ్చిందో చెప్పలే, నేనడగలే.

కాయిదం దుకాణంల అంటించిన.
నాలుగు నావే అని గిరాకికి చెప్తె
పాషా ఒప్పుకోడు.
మూడంటడు.
ఒకటి యాకమ్మదట.